మూడోసారి అడగకముందే

"అమ్మా, విచారణంటే ఎన్నాళ్ళు పడుతుంది?"

పాస్టరమ్మ చేతిలో దువ్వెన ఆగిపోయింది. ఒళ్ళో కూర్చున్న నాలుగేళ్ళ చిన్నది సగం జడతో తల తిప్పి, "అయిపోయిందా?" అంది.

"కదలకే కోతీ." పాస్టరమ్మ పెద్దదాని వైపు చూసింది. పదకొండేళ్ళ పిల్ల కిటికీ ఊచలు పట్టుకుని అటు తిరిగి నిలబడింది. పొద్దున్న టిఫిను ముట్టలేదు. రాత్రి కూడా కెలికి వదిలేసింది. "ఎవరి విచారణే?"

"ఎవరిదైనా. ఊరికే అడిగాను."

"ఊరికే అడిగే గొంతు కాదది. ఇటు చూడు."

చూడలేదు.

మెథడిస్టు సంఘాల వార్షిక సమావేశానికి అది నాలుగో రోజు, ఆఖరి రోజు. సెలవులకి మూసిన ఓ పెద్ద బడిలో నూరు మంది పాస్టర్లు, వాళ్ళ పెళ్ళాం పిల్లలు మకాం వేశారు. గదికి రెండు కుటుంబాలు. బెంచీలు గోడకి జరిపి, నేల మీద పరుపులు వేసుకుని, నల్లబల్ల మీద ఎవరో సగం చెరిపి వదిలేసిన లెక్కల కింద పడుకుంటున్నారు. సాయంత్రం ఐదింటికి బిషప్ గారు బదిలీల జాబితా చదువుతారు. అంతకుముందు, ఉదయం పదకొండింటికి, శీల పరిశీలన.

పేరు వింటే గుండె ఝల్లుమంటుంది గానీ, మామూలుగా అది బడిలో హాజరు పిలిచినంత తేలిక. ఒక్కో పాస్టరు పేరూ పిలుస్తారు. పిలవగానే ఆయన లేచి బయటికెళ్ళాలి. "ఇతని మీద ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అని బిషప్ గారు అడుగుతారు. ఎవరూ నోరు మెదపరు. మళ్ళీ లోపలికి రమ్మంటారు. నిమిషం పని.

ఎవరైనా నోరు మెదిపితే మాత్రం అది నిమిషంతో పోదు.

"విచారణలో ఉన్న పాస్టర్ని బదిలీ చెయ్యరంటగా," అంది పెద్దది, కిటికీకే చెబుతున్నట్టు. "ఆ రోజు మనింటికొచ్చిన బట్టతల అంకుల్ అన్నాడు నాన్నతో. విచారణ తేలేదాకా కుర్చీ కదపరు, అదో అదృష్టం అని."

"అది జోకే తల్లీ. ఇద్దరూ ఎలా నవ్వుకున్నారో చూడలేదూ?"

"పెద్దవాళ్ళు అన్నిటికీ నవ్వుతారు. నాకెలా తెలుస్తుంది?"

పాస్టరమ్మ చిన్నదాన్ని కిందికి దించింది. "ఏం చేశావు?"

పెద్దది ఇటు తిరిగింది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండుననిపించేంత గట్టిగా ఉంది మొహం. "ఉత్తరం రాశాను. ఆఫీసు ముందు విన్నపాల పెట్టె ఉంది కదా, అందులో వేశాను. మొన్న."

"ఏమని రాశావు?"

పిల్ల ఒప్పజెప్పింది, బైబిలు వాక్యం ఒప్పజెప్పినట్టు, ఒక్క మాట పోకుండా. "గౌరవనీయులైన అయ్యలకు. మా పాస్టరు గారు ప్రతి గురువారం సాయంత్రం వెనక సందులోంచి ఒక ఇంట్లోకి వెళ్తారు. ఎక్కడికని అడిగితే ఎవరికీ చెప్పరు. భార్యకు కూడా చెప్పరు. దయచేసి నెమ్మదిగా విచారణ చేయండి. ఇట్లు, ఒక సభ్యురాలు."

పాస్టరమ్మ లేచి గది తలుపు దగ్గరికేసింది.

"పేరు రాయలేదు. ఎడమచేత్తో రాశాను. అబద్ధం మాత్రం ఒక్కటీ రాయలేదమ్మా," అంది పెద్దది. "అబద్ధం రాస్తే పాపం కదా."

ఏడేళ్ళలో నాలుగు ఊళ్ళు. నాలుగు బళ్ళు. కొత్త క్లాసులోకెళ్ళిన ప్రతిసారీ వెనక బెంచీ చివర ఒక్కతే కూర్చున్న పిల్లకి, ఈ ఊళ్ళో మొదటిసారి పక్కన చోటు పెట్టి ఉంచే స్నేహితురాలు దొరికింది. ఆ చోటు పోకుండా ఉండడానికి తండ్రి నెత్తికి నిప్పంటించింది. పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ!

తిట్టాలి, చెంప పగలగొట్టాలి. కానీ పాస్టరమ్మ చేతులు లేవలేదు. ఉత్తరంలో ఉన్న ప్రశ్న ఎనిమిది నెలలుగా ఆమె తలగడ కింద కూడా ఉంది. గురువారం సాయంత్రం ఆయన బయల్దేరతాడు, రెండు గంటల తర్వాత వస్తాడు. ఒకసారి అడిగితే, "చెప్పడానికి అది నా సంగతి కాదు" అన్నాడు. ఆమె రెండోసారి అడగలేదు. మందుల షాపుల్లో పన్నెండేళ్ళుగా డాక్టర్ల చీటీలు చదువుతున్న మనిషి ఆమె. కొన్ని చీటీలు చదివాక మళ్ళీ చదవనట్టు ఉండలేమని తెలుసు.

ఆ ప్రశ్న ఇప్పుడు నూరు మంది ముందు పడబోతోంది. తేలకపోతే పాస్టరు అంగీ తీసేయిస్తారు. అంగీ పోతే ఆయనకి ఇంకో పని రాదు. ఇంకో ఊపిరి కూడా రాదు.

గడియారం చూసింది. పదీ నలభై ఎనిమిది.

"చెప్పులేసుకో. పద."

ఆఫీసు గదిలో టైపిస్టు ఒక్కతే ఉంది, బదిలీల కాగితాలు బోర్లించి వాటి మీద మోచెయ్యి ఆనించి. పాస్టరమ్మని చూడగానే మోచెయ్యి ఇంకా వెడల్పు చేసింది.

"జాబితా గురించైతే నా నోరు కుట్టేశారమ్మా. ఐదింటి దాకా నేను మూగదాన్ని."

"జాబితా కాదు. విన్నపాల పెట్టెలో ఒక ఉత్తరం పొరపాటున వేశాం. తీసేసుకుంటాం."

"అయ్యో, పెట్టె నిన్న సాయంత్రమే తెరిచారుగా! అన్నీ రూల్‌బుక్ గారి ఫైల్లోకి పోయాయి."

రూల్‌బుక్ అంటే సమావేశ కార్యదర్శి. అరవై దాటిన మనిషి. పాస్టరమ్మ వాళ్ళ ఊళ్ళోనే పెద్ద చర్చికి పాస్టరు. అజెండాలో లేకపోతే భోజనం ముందు ప్రార్థన కూడా చెయ్యనివ్వడని వెనక జోకులేసుకుంటారు. రెండేళ్ళ కింద భార్య పోయాక మరీ బిగుసుకుపోయాడు. ఆయన ఫైల్లోకి వెళ్ళిన కాగితం పులి నోట్లోకి వెళ్ళిన మేకపిల్ల లాంటిది, బయటికి రావడమంటూ ఉండదు.

"ఆయనెక్కడ?"

"ఇంకెక్కడ? హాల్లో. ఈసారి పావుగంట ముందే మొదలెట్టేశారు, పేర్లు ఎక్కువున్నాయని."

పాస్టరమ్మ చిన్నదాన్ని చంకనెత్తుకుంది, పెద్దదాని మణికట్టు పట్టుకుంది. వరండా పొడవునా పరుగు. మూడు క్లాసు గదులు, మంచినీళ్ళ కుళాయిలు, పిల్లల కార్యక్రమం జరుగుతున్న గది, అందులోంచి చప్పట్ల పాట. "మేం కూడా పాడొద్దా?" అంటోంది చిన్నది, చంకలో ఎగిరెగిరి పడుతూ. మెట్లు. ఇంకో వరండా.

హాలుకి స్ప్రింగుల తలుపులు. వాటికి అడ్డంగా ఒక ముసలాయన, చెయ్యి చాచి. తాళాలన్నీ ఆయన దగ్గరే ఉంటాయని, పరలోకపు తాళాలు పట్టుకున్న శిష్యుడి పేరుతో అందరూ పేతురని పిలుస్తారు. అసలు పేరు ఆయనకే గుర్తుందో లేదో.

"ఆగండాగండి! మూసిన సభ. పాస్టర్లు తప్ప చీమ కూడా వెళ్ళకూడదు."

"పెద్దాయనా, ఒక్క నిమిషం. ఎవరి పేరు నడుస్తోంది?"

పేతురు ఆమె మొహం చూసి, ఏదో తప్పు చేసినవాడిలా కళ్ళు దించుకున్నాడు. "మీ ఆయనదే. ఇప్పుడే అటుపక్క తలుపులోంచి బయటికెళ్ళాడు. ఏదో ఉత్తరం వచ్చిందంట."

తలుపు పైన గాలికి వదిలిన జాలీలోంచి రూల్‌బుక్ గొంతు వినబడుతోంది. రంపం కోసినట్టు ఉండే గొంతు. "...ప్రతి గురువారం సాయంత్రం వెనక సందులోంచి..." అక్కడ ఆ గొంతు ఎందుకో తట్టుకుంది. దగ్గి, మళ్ళీ మొదలైంది. "...ఒక ఇంట్లోకి వెళ్తారు."

పెద్దదాని మణికట్టు ఆమె చేతిలో చల్లబడిపోయింది. ఎడమచేత్తో రాసుకున్న మాటలు ఇంత పెద్ద గొంతుతో బయటికొస్తాయని ఆ పిల్ల అనుకుని ఉండదు.

లోపల గుసగుసలు. బిషప్ గారి గొంతు. "ఈ ఉత్తరం నాదని చెప్పేవారు ఎవరైనా ఉన్నారా?"

"పెద్దాయనా, అది నా కూతురు రాసింది! లోపలికెళ్ళి చెప్పాలి!"

పేతురు నోరు తెరుచుకుంది. పెద్దదాన్ని చూశాడు. "అమ్మగారూ, తొందరపడకండి, నా మాట వినండి..."

"ఇంకా ఆలస్యమైతే మనిషి పరువు గంగలో కలుస్తుంది!"

"అందుకే చెబుతున్నా, అసలు వాళ్ళు అడిగేదెందుకంటే..."

"రెండోసారి అడుగుతున్నాను," అంది లోపలి గొంతు. "ఇది నాదని చెప్పేవారు ఉన్నారా?"

పాస్టరమ్మ ఆయన చెయ్యి తోయబోయింది. ఆ పెనుగులాటలో చంకలో ఉన్న చిన్నది కిందికి జారింది. నాన్న లోపలున్నాడని పొద్దుట్నుంచీ వింటున్న పిల్ల. పేతురు చంక కిందుగా వంగి, తలుపు తోసుకుని, "నాన్నా!" అంటూ హాల్లోకి తుర్రుమంది. దాని వెనక తల్లి. తల్లి వెనక పెద్దది.

నూరు తలలు తిరిగాయి.

నేల మీద అంటించిన తెల్లటి పట్టీ దాటి ఓటు లేనివాళ్ళెవరూ అడుగు పెట్టకూడదు. చిన్నది దాన్ని తొక్కేసి నాన్న కుర్చీ దాకా వెళ్ళి, అది ఖాళీగా ఉండడం చూసి నిలబడిపోయింది. పాస్టరమ్మ పట్టీ దగ్గరే ఆగింది. రొప్పుతోంది.

"ఆ ఉత్తరం నా కూతురు రాసిందండీ! బదిలీ కాకూడదని, చిన్నతనం కొద్దీ రాసింది. ఆయన మీద ఎవరికీ ఏ ఫిర్యాదూ లేదు. ఇక దాన్ని పక్కన పెట్టేయండి."

అమ్మయ్య, చెప్పేశాను అనుకుంది.

ఎవరూ అమ్మయ్య అనలేదు. బల్ల వెనక కూర్చున్న బిషప్ గారు కళ్ళద్దాలు తీసి, రెండు వేళ్ళతో కళ్ళు ఒత్తుకున్నాడు.

"అమ్మా, సంతకం లేని ఉత్తరానికి ఇక్కడ విలువ లేదు. మూడుసార్లు అడుగుతాం. ఎవరూ నాదనకపోతే అందరి ముందూ చింపేస్తాం. రెండుసార్లు అడిగేశాను." ఒక్క క్షణం ఆగాడు. "ఇప్పుడు దానికి మనిషొచ్చింది, ఇక చింపలేం."

గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకుంది. పాస్టరమ్మకి పేతురు పూర్తి చెయ్యలేని వాక్యం అప్పుడు అర్థమైంది. వెనక్కి చూస్తే, తలుపు దగ్గర ముసలాయన నుదురు కొట్టుకుంటున్నాడు.

"పిల్ల రాసిందండీ, పోనివ్వండి," అన్నాడు మూడో వరసలోంచి బట్టతల పాస్టరు. మొహం పాలిపోయి ఉంది. తను వేసిన జోకు ఎంత దూరం నడిచిందో ఆయనకి తెలిసిపోయినట్టుంది.

"ఎవరు రాశారన్నది కాదు, రాసింది నిజమా కాదా?" అన్నాడు ఇంకొకాయన. "నిప్పు లేనిదే పొగ రాదుగా."

బిషప్ గారు పెద్దదాన్ని ముందుకి రమ్మన్నాడు. గొంతు మెత్తగానే ఉంది. "నువ్వు చూశావా తల్లీ?"

"చూశానండీ. మూడుసార్లు."

"ఎవరిల్లు?"

"తెలీదండీ. ఆ సందులో అన్నీ వెనక గోడలే. తలుపు లోపల్నుంచి తీశారు. ఎవరో కనబడలేదు."

గదిలో కుర్చీలు కిర్రుమన్నాయి. బిషప్ గారు ఇప్పుడు తల్లి వైపు తిరిగాడు. "ఆయన ఎక్కడికెళ్తాడో మీకు తెలుసా అమ్మా?"

తెలుసంటే అయిపోతుంది. ఒక్క మాట. జబ్బు మనిషిని చూడ్డానికి అంటే చాలు, నూరు మందీ ఊపిరి పీల్చుకుంటారు, ఆయన లోపలికొస్తాడు. మాట నాలిక చివరిదాకా వచ్చింది. పెద్దది ఆమె చెయ్యి పట్టుకుని మొహంలోకే చూస్తోంది, అమ్మకి తెలుసేమో, ఇన్నాళ్ళూ తెలిసే ఊరుకుందేమో అన్న ఆశతో.

"తెలీదండీ."

"ఎప్పుడూ అడగలేదా?"

"ఒకసారి అడిగాను. చెప్పలేదు. మళ్ళీ అడగాలంటే ఏం చెబుతారోనని భయమేసింది."

రూల్‌బుక్ తల ఎత్తలేదు. కలం నడుస్తోంది. అన్నీ రాసుకుంటున్నాడు.

పక్క తలుపులోంచి ఆమె భర్తని పిలిచారు. లోపలికొచ్చిన మనిషి ముందు చిన్నదాన్ని చూసి నవ్వబోయాడు. తర్వాత పెద్దదాని మొహం చూశాడు. తర్వాత భార్య మొహం. నవ్వు అక్కడే ఆగింది. చిన్నది వెళ్ళి ఆయన కాలు చుట్టేసుకుంది.

"గురువారం సాయంత్రాలు ఎక్కడికి వెళ్తున్నారు?" అన్నాడు బిషప్ గారు.

"చెప్పలేనండీ."

"మీ భార్య ముందే అడుగుతున్నాను."

"ఆమెకే చెప్పలేదంటే, ఇంకెవరికీ చెప్పలేనని మీకే తెలియాలి. మాటిచ్చాను."

"ఎవరికి?"

"అది కూడా ఆ మాటలోదే."

"చెప్పకపోతే ఏమవుతుందో తెలుసుగా?"

"తెలుసండీ." భార్య వైపు చూడకుండా అన్నాడు. పాస్టరమ్మకి కోపం ముంచుకొచ్చింది. ఎవరికిచ్చిన మాట అది, ఇద్దరు పిల్లల కంటే బరువైంది? గట్టిగా అరవాలనిపించింది. అదే క్షణంలో, ఈ మనిషి అబద్ధమాడ్డం రాక నిలబడ్డాడని కూడా ఆమెకి తెలుసు. రెండూ ఒకేసారి తెలియడం నరకం.

బిషప్ గారు నిట్టూర్చాడు. "కార్యదర్శి గారూ, రాసుకోండి. విచారణ తేలేవరకు ఇతను అంగీ ధరించరాదు, ప్రసంగ వేదిక ఎక్కరాదు. విచారణ కాలంలో బదిలీ లేదు."

బదిలీ లేదు. పెద్దది కోరుకున్న మాట. అది విన్న పిల్ల "వద్దండీ," అంది చిన్నగా. ఎవరికీ వినబడలేదు.

కలం నడవడం లేదు.

"కార్యదర్శి గారూ?"

"రాయలేనండీ," అన్నాడు రూల్‌బుక్.

ముప్పై ఏళ్ళలో ఆ నోట్లోంచి ఆ మాట ఎవరూ విని ఉండరు. నూరు మందీ నిటారుగా కూర్చున్నారు.

"ఎందుకు?"

"రాస్తే అబద్ధమవుతుంది. ఆ ఇల్లు నాది."

ఆయన లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ బల్లకి ఆనించాడు. రంపం లాంటి గొంతులో పళ్ళు విరిగిపోయాయి.

"మా ఆవిడ పోయినప్పట్నుంచీ నేను ప్రార్థన చెయ్యలేకపోతున్నాను. పుస్తకంలో ఉన్నవి చదువుతున్నాను. మీ ముందు పెదవులు కదుపుతున్నాను. ఇంటికెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంటే ఒక్క మాట రాదు. ఎనిమిది నెలల కింద ఒక రోజు ఇతనికి చెప్పాను. గురువారం వస్తాడు, నా వంటింట్లో కూర్చుని ప్రార్థన చేస్తాడు. నేను వింటాను. అంతే. వెనకనుంచి రమ్మన్నది నేను. పెళ్ళానికి కూడా చెప్పొద్దని ప్రమాణం చేయించుకున్నది నేను."

ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు.

"ఈ ఉత్తరం నిన్న సాయంత్రమే చదివాను. దాచేయొచ్చు, కానీ పెట్టెలో పడ్డది సభలో చదివి తీరాలన్నది నిబంధన. మూడుసార్లు అడుగుతారు, చింపేస్తారు, పీడా పోతుందనుకున్నాను. నాకు అదే కావాలి. తల్లి వచ్చి ఈ పాపదంది." పెద్దదాని వైపు చూశాడు. "నేను కుర్చీలోనే కూర్చున్నాను. ఇతను అంగీ పోగొట్టుకోబోతుంటే కూడా, ఆ మాట సగం రాశాను."

బిషప్ గారు కళ్ళద్దాలు పెట్టుకుని, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టుగా అడిగాడు. "ఇతని మీద ఎవరికైనా అభ్యంతరం ఉందా?"

నిప్పు లేనిదే పొగ రాదన్నాయన తన చెప్పులు చూసుకుంటున్నాడు.

"లేదు. కూర్చోండి," అన్నాడు బిషప్ గారు పాస్టరమ్మ భర్తతో. పాస్టరమ్మ చిన్నదాన్ని తన దగ్గరికి పిలిచింది.

రూల్‌బుక్ ఫైలు మూశాడు. "తర్వాతి పేరు నాది పిలవండి. వరస తప్పుతుంది, తెలుసు. అయినా పిలవండి."

పిలిచారు. నిబంధన ప్రకారం ఆయన బయటికి నడిచాడు. ఓటు లేని ముగ్గురూ ఆయన వెనకే. పేతురు తలుపు మూసి, ఈసారి చెయ్యి చాచలేదు, వీపే ఆనించాడు.

వరండాలో ఒకటే బెంచీ. నలుగురూ సర్దుకు కూర్చున్నారు. పాస్టరమ్మ ఆయనతో ఏం మాట్లాడాలో తెలియక పొద్దున సగంలో వదిలిన చిన్నదాని జడ అల్లడం మొదలుపెట్టింది. ఎనిమిది నెలల భయం దిగిపోయిన చోట ఇప్పుడు సిగ్గు ఉంది. తలుపు వెనక ఏమీ వినబడడం లేదు. నిమిషం దాటింది. రెండు దాటాయి.

"సారీ తాతయ్యా," అంది పెద్దది.

"దేనికి? నువ్వు రాసిందాంట్లో తప్పు ఒక్కటే. ‘గౌరవనీయులైన’ అన్నావు, అందరం కాదు."

పెద్దది నవ్వలేదు. "జాబితాలో మా పేరుందా?"

"ఐదింటికి ముందు చెప్పకూడదు."

"సరే," అంది పిల్ల. కాసేపు కాళ్ళు ఊపి ఆపేసింది. రూల్‌బుక్ తన అరచేతులు చూసుకున్నాడు.

"ఉంది," అన్నాడు. "దూరం. రైల్లో ఒక రోజు. ఆ లైను మొన్న నేనే రాసి టైపుకిచ్చాను."

పెద్దదాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెంప మీదికి రాకుండా పైకి చూసింది. అప్పుడు ఇంకేదో తట్టినట్టు ఆయన వైపు తిరిగింది. "మరి మీ గురువారాలు?"

పాస్టరమ్మ జడ అల్లడం ఆపింది. మొన్న ఈయన తన చేత్తోనే తనకి మిగిలిన ఆ గురువారాలని కొట్టేసుకున్నాడని, ఎవరికీ చెప్పకుండా అది పట్టుకుని తిరుగుతున్నాడని ఆమెకి అర్థమైంది.

తలుపు తెరుచుకుంది. పేతురు తల బయటపెట్టాడు. "రమ్మంటున్నారండీ."

"ఎవరైనా ఏమైనా అన్నారా?"

"అనలేదు. ఒకాయన మాత్రం ఏడుస్తున్నాడు."

రూల్‌బుక్ లేవబోయాడు, మోకాలు సహకరించలేదు. పాస్టరమ్మ మోచెయ్యి పట్టుకుని లేపింది.

"మేం కదిలేలోపు మూడు గురువారాలున్నాయండీ," అంది. "ఈసారి అందరం వస్తాం."

"అందరా? నా వంటింట్లో కుర్చీలు రెండే."

"పిల్లలు కింద కూర్చుంటారు."

"చిన్నది కూర్చోదు," అంది పెద్దది, ముక్కు తుడుచుకుంటూ. "అది అస్సలు కూర్చోదు తాతయ్యా, ముందే చెబుతున్నా. ప్రార్థన మధ్యలో ఆమెన్ ఎప్పుడంటారని పదిసార్లు అడుగుతుంది."

"అడగనీ," అన్నాడు రూల్‌బుక్, అంగీ సవరించుకుంటూ. "నేనూ అదే అడుగుదామనుకుంటున్నాను." లోపలికి నడిచాడు.